వాయిదాకీ బస్సుకీ మధ్య

వాయిదా పడింది.
పదకొండు కాకముందే పడిపోయింది.
జడ్జిగారు సెలవంట.
బస్సు చూస్తే మూడింటికి.
అందాకా ఈ ఎండలో ఏ చూరు పట్టుకు వేలాడను?
వకీలు గుమస్తా జాలిపడి చెప్పాడు:
"లాకుల పక్కన, పాత కాలవాఫీసులో
మ్యూజియం పెట్టారు కదండీ.
టిక్కెట్టు లేదు. ఫ్యానుంది."

గుమ్మంలో చెప్పులు విప్పబోతే
కాపలా మీరాసాహెబు నవ్వాడు,
"గుడి కాదమ్మా, వేసుకునే రండి."
అయినా కాళ్లు దులుపుకున్నాను.
లంకమట్టి, పిలవకపోయినా వెంట వస్తుంది.

మొదటి గదిలో గూడబాతు.
గాజుకళ్లు. కడుపు నిండా పీచు.
ముక్కు కింద సంచి మాత్రం వట్టిది,
ఇన్నేళ్లుగా ఒక్క చేపైనా పడలేదు పాపం.
దాని పక్కన నీరుకుక్క,
మా వలలు కొరికిన దొంగమొహమే!
ఇక్కడ దాక్కున్నావటే, అన్నాను.
గోడ మీద ఎవరో దొర వేసిన రేవు బొమ్మ.
పడవ బానే ఉంది, తెరచాప బానే ఉంది,
నీళ్లే మరీ నీలం.
మన ఏరు ఎప్పుడు నీలంగా ఉంది?
వరదొస్తే టీ రంగు, లేకపోతే ఆకాశం ఎలా ఉంటే అలా.

ఫ్యాను రెండో గదిలో తిరుగుతోంది.
దాని కింద బల్ల.
బల్ల మీద తాతబ్బాయి.

అవును, ఆ తాతబ్బాయే.
పదకొండేళ్లుగా నా మీద దావా నడుపుతున్నవాడు.
ఎకరం ముప్పై సెంట్లు.
ఒక వరదకి ఏరు నా గట్టు కోసుకుపోయి
వాడి ఒడ్డున మేట వేసింది.
మన్ను నాదంటాను నేను.
ఒడ్డు తనదంటాడు వాడు.
ఒకే పంటు ఎక్కుతాం, ఒకే బస్సు దిగుతాం,
వాడు ఎగువకి చూస్తే నేను దిగువకి.

వెనక్కి తిరగలేదు నేను.
ఫ్యాను సర్కారుది.
బల్లకి ఈ కొసన కూర్చున్నాను.

ఎదురుగా గాజుపెట్టెలో
కడియానికి గుచ్చిన మూడు రాగిరేకులు.
వాటి మీద పీతలు నడిచినట్టు అక్షరాలు.
కింద చీటీలో ఇప్పటి తెలుగే ఉంది గానీ
నా కళ్లజోడు వకీలు బల్ల మీద ఉండిపోయింది.
చదవమని నేనడగలేదు.
వాడు ఫ్యానుకి వినిపిస్తున్నట్టు చదివాడు:

"తూర్పున పుట్ట. దక్షిణాన రెల్లుదుబ్బు.
పడమర జువ్విచెట్టు. ఉత్తరాన ఏరు.
సూర్యచంద్రులు ఉన్నంతకాలం
ఈ భూమి..."

ఆగాడు.
"ఉత్తరాన ఏరంట" అన్నాడు,
ఎవరితో అన్నాడో.
"ఏ ఏడాది ఏరు?" అన్నాను,
ఎవరితో అన్నానో నాకూ తెలీదు.

నవ్వు ఎవరికి ముందొచ్చిందో
బోనెక్కించి అడిగినా చెప్పలేను.
మీరాసాహెబు పరిగెత్తుకొచ్చాడు,
ఏం పగిలిందో అని.

మూడో గదిలో గోదారి మొత్తం బల్ల మీద ఉంది.
ఏడు పాయలు, మీట నొక్కితే బల్బులు.
"మీ ఊరేదండి?"
గుల్లలంకకి మీట లేదు.
రంగు పెచ్చులూడినచోట వేలు పెట్టాడు తాతబ్బాయి,
"ఇక్కడుండాలి."
"కాదు, ఇంకాస్త దిగువకి."
అరంగుళం కోసం కాసేపు గొడవపడ్డాం,
వకీళ్లు లేకుండా, ఫీజు లేకుండా.

పక్కన నిలువెత్తు గాజుగొట్టంలో
నేలలోంచి తీసిన మన్ను, పొర మీద పొర.
పైన ఒండ్రు. దాని కింద ఇసక. మళ్లీ ఒండ్రు.
అట్టడుగున తెల్లగా గుల్లలు.
అప్పుడిదంతా సముద్రమేనంట.
నా గట్టు ఏ పొరో, వాడి ఒడ్డు ఏ పొరో
ఇద్దరం వంగి చూశాం.
గాజు మీద రెండు ఊపిర్లూ కలిసి
కాసేపు ఏమీ కనిపించలేదు.

వెళ్లేముందు పుస్తకంలో రాయాలంట,
పేరు, ఊరు, అభిప్రాయం.
కొప్పాడి మంగాయమ్మ. గుల్లలంక. ఫ్యాను బాగున్నది.
నా కింద వాడు పేరు రాసుకుని
ఊరు దగ్గర రెండు గీతలు గీసి ఊరుకున్నాడు,
పైదే ఇదీ అన్నట్టు.
అభిప్రాయం మాత్రం ఒత్తి ఒత్తి రాశాడు.
మీరాసాహెబు పైకి చదివాడు:
"ఉత్తరాన ఏరు అన్నచోట
ఏ ఏడాది ఏరో తెలుపవలెను."

ఆ మాట నాది.
దావా వేస్తే గెలుస్తాను.